అంచు అల్లే చేతులు

శాలువా నేయడం ఒక పని, దానికి అంచు అల్లడం మరో విద్య. కుట్లు తక్కువైతే గుడ్డ ముడుచుకుపోతుంది, ఎక్కువైతే అంచు కుచ్చిళ్ళు పడుతుంది. మూల తిరిగేచోట ఒకే కన్నంలో మూడు కుట్లు పడాలి. అప్పుడే మూల చదునుగా కూర్చుంటుంది.

ఈ లెక్కంతా వేళ్ళతోనే చూసుకునే నేర్పు నరసాపురం ఆడవాళ్ళది. 19వ శతాబ్దంలో క్రైస్తవ మిషనరీలు నేర్పిన క్రోషే అల్లికను గోదావరి పల్లెలు సొంతం చేసుకున్నాయి. ఇంటిపనుల నడుమ సాగే ఆ శ్రమకు తగిన కూలి దక్కడం లేదని సామాజిక శాస్త్రవేత్త మరియా మీస్ 1982లో వెలువడిన తన పుస్తకంలో చూపారు. 2024లో నరసాపురం క్రోషే లేసుకు భౌగోళిక గుర్తింపు వచ్చింది.

అసలు క్రోషే ఇప్పటికీ చేతిపనే, యంత్రానికి లొంగలేదు. ఎక్కడైనా అలాంటి అంచున్న దుప్పటి కొనేటప్పుడు బేరమాడకండి. ఆ పనితనానికి న్యాయమైన ధర ఇవ్వడమే నిజమైన మెప్పు.