నైట్రేట్ తీసేసిన బీట్‌రూట్ రసం

లండన్‌లోని క్వీన్ మేరీ విశ్వవిద్యాలయంలో అమృతా అహ్లువాలియా బృందం 68 మంది బీపీ రోగులకు నాలుగు వారాలపాటు రోజూ 250 మిల్లీలీటర్ల బీట్‌రూట్ రసం ఇచ్చింది. సగం మందికి మామూలు రసం. మిగతా సగానికి ఇచ్చిందీ బీట్‌రూట్ రసమే: అదే రంగు, అదే మట్టి వాసన, అదే తీపి. అందులోంచి నైట్రేట్‌ను మాత్రం తీసేశారు. 2015లో వెలువడిన ఈ పరీక్షలో ఫలితం కన్నా ముందు నేను మెచ్చుకునేది ఆ రెండో సీసాని.

బీపీకి మంచిదంటూ అమ్మే పొడులు, గుళికలు, రసాలు ఇప్పుడు ప్రతి మందుల షాపులోనూ ఉన్నాయి. వాటిలో ఏది నిజంగా పనిచేస్తుందో తేల్చడం మాత్రను పరీక్షించినంత తేలిక కాదు. మాత్రకైతే అచ్చం అలాగే ఉండే పిండి బిళ్ళ చేసి ఇవ్వొచ్చు. బీట్‌రూట్‌కు అలాంటి ఉత్తుత్తి జోడీ ఎక్కడ దొరుకుతుంది? నీళ్ళిస్తే వెంటనే తెలిసిపోతుంది. ఎర్రరంగు కలిపిన తీపినీళ్ళిస్తే నాలుక పట్టేస్తుంది. పైగా బీట్‌రూట్ తాగినవాళ్ళలో కొందరికి మూత్రం ఎర్రగా వస్తుంది, దాంతో ఎవరు ఏది తాగారో బయటపడిపోతుంది. తనకు అసలు మందే అందిందని తెలిసినవాడి బీపీ ఆ ధైర్యానికే కాస్త దిగొచ్చు.

ఇంకో చిక్కు లోపలే ఉంది. బీట్‌రూట్‌లో పొటాషియం దండిగా ఉంటుంది, అదీ బీపీని తగ్గించేదే. రసాన్ని నీళ్ళతో పోల్చి బీపీ తగ్గిందని చెబితే, ఆ పని పొటాషియం చేసిందా, నైట్రేట్ చేసిందా, మరేదైనా చేసిందా తేలదు. అందుకే రసాన్ని నైట్రేట్‌ను మాత్రమే పట్టి ఉంచే రెజిన్ గుండా పంపుతారు. మిగతావన్నీ దాదాపు ఉన్నవి ఉన్నట్టే కిందికి దిగుతాయి. ఈ పద్ధతిని అంతకుముందే ఇంగ్లండులోని ఎక్సెటర్ పరిశోధకులు వ్యాయామ పరీక్షల కోసం వాడారు. ఇప్పుడు రెండు సీసాల్లోనూ పొటాషియం ఉంది, రంగు ఉంది, రెండింటివల్లా మూత్రం ఎర్రబడొచ్చు. తేడా వస్తే దానికి కారణమని చూపడానికి మిగిలింది నైట్రేట్ ఒక్కటే.

నైట్రేట్ మీద ఇంత పట్టుదల ఒక్క రోజులో వచ్చింది కాదు. ఒకప్పుడు నైట్రేట్ అంటే బావినీళ్ళలో ఉండకూడని కాలుష్యం, నిల్వ మాంసంలో కలిపే రసాయనం, అంతే. 1994లో బ్రిటన్‌లో నైజెల్ బెంజమిన్ బృందం, స్వీడన్‌లో యోన్ లుండ్‌బర్గ్ బృందం వేర్వేరుగా పనిచేస్తూ, మనిషి కడుపులో నైట్రిక్ ఆక్సైడ్ వాయువు పుడుతోందని చూపారు. రక్తనాళాల గోడ కండరాన్ని సడలించేది ఈ వాయువే. ఆ సంగతి కనిపెట్టినందుకు 1998లో ఫర్చ్‌గాట్, ఇగ్నారో, మురాద్‌లకు నోబెల్ వచ్చింది. కూరగాయల్లోని నైట్రేట్‌కు, ఆ వాయువుకు మధ్య దారి ఏమిటన్నదే తర్వాతి ప్రశ్న.

ఆ దారి నోటిగుండా వెళుతుంది. మింగిన నైట్రేట్ పేగుల్లోంచి రక్తంలో కలుస్తుంది. అందులో సుమారు నాలుగోవంతును లాలాజల గ్రంథులు పోగుచేసి మళ్ళీ నోట్లోకి వదులుతాయి. లాలాజలంలో దాని సాంద్రత రక్తంలో ఉన్నదానికి పది రెట్లకు పైగా ఉంటుంది. నాలుక వెనుక భాగంలోని సన్నని పగుళ్ళలో బతికే బాక్టీరియా దాన్ని నైట్రైట్‌గా మారుస్తుంది. ఈ పని మన శరీర కణాలకు సరిగా చేతకాదు. ఆ నైట్రైట్‌ను మింగాకే అది రక్తంలో చేరి, అవసరమైన చోట నైట్రిక్ ఆక్సైడ్ అవుతుంది.

దీన్ని నిరూపించిన తీరు చూడండి. 2008లో అహ్లువాలియా బృందం ఆరోగ్యవంతులకు అర లీటరు రసం పట్టించింది. రక్తంలో నైట్రేట్ గంటన్నరకే గరిష్ఠానికి చేరింది, కానీ బీపీ బాగా దిగింది సుమారు మూడు గంటలకు. గరిష్ఠంగా బీపీ పై అంకె 10.4, కింది అంకె 8 పాయింట్ల మేర తగ్గాయి. ఆలస్యం ఎందుకు? మధ్యలో నోటి మజిలీ ఒకటి ఉంది కనుక. అనుమానం తీర్చుకోవడానికి వాళ్ళు మరోసారి రసం తాగించి, ఆ మూడు గంటలూ ఊరిన ఉమ్మినంతా మింగకుండా ఉమ్మేయమన్నారు. నైట్రైట్ పెరగలేదు, బీపీ తగ్గలేదు! ఖరీదైన యంత్రం లేదు, కొత్త మందు లేదు. మింగడం ఆపితే గొలుసు ఎక్కడ తెగుతుందో తేలిపోయింది. వైద్య పరిశోధనలో ఇంతకన్నా అందమైన పరీక్షలు నేను ఎక్కువ చూడలేదు.

2010లో రసాన్నే పక్కన పెట్టేశారు. పొటాషియం నైట్రేట్ గుళికలిచ్చి, పోలికకు పొటాషియం క్లోరైడ్ గుళికలిచ్చారు. పొటాషియం రెండు వైపులా ఉన్నా బీపీ తగ్గింది నైట్రేట్ వైపే. 2013లో దారిని మరోవైపు నుంచి మూశారు. క్లోర్‌హెక్సిడిన్ మౌత్‌వాష్‌తో వారంపాటు పుక్కిలించిన 19 మంది ఆరోగ్యవంతులకు, నోటి బాక్టీరియా చచ్చి, బీపీ రెండు మూడు పాయింట్లు పెరిగింది. ఆ తర్వాత 2015లో, నిజమైన రోగుల మీద, నైట్రేట్ తీసేసిన ఆ సీసాతో చేసిన పరీక్ష వెలువడింది.

ఆ 68 మందిలో సగం మంది అప్పటిదాకా మాత్రలు మొదలుపెట్టనివాళ్ళు, మిగతా సగం మాత్రలు వాడుతున్నా బీపీ అదుపులోకి రానివాళ్ళు. ఆసుపత్రిలో కొలిచిన బీపీని మాత్రమే నమ్మలేదు, తెల్లకోటు చూస్తేనే కొందరికి అది పెరుగుతుంది మరి. ఇంట్లో కొలిపించారు, 24 గంటలూ చేతికి పట్టీ కట్టి కూడా కొలిచారు. అసలు రసం తాగినవాళ్ళకు ఆసుపత్రి కొలతలో 7.7/2.4, రోజంతా కొలిచినప్పుడు 7.7/5.2, ఇంటి కొలతలో 8.1/3.8 చొప్పున తగ్గింది. నైట్రేట్ లేని రసం తాగినవాళ్ళలో మార్పు లేదు. మానేశాక రెండు వారాల్లో బీపీ మళ్ళీ మొదటికొచ్చింది. నా దృష్టిలో అదీ సాక్ష్యమే. ఒక్క బీపీ మాత్ర సగటున 9/5 తగ్గిస్తుందని గుర్తుంచుకుంటే, ఇది చిన్న సంగతి కాదు. పోలికకు, బీపీకి మంచిదని అమ్మే మెగ్నీషియం మీద జరిగిన పరీక్షలన్నీ కలిపి చూస్తే వచ్చే తగ్గుదల సుమారు రెండు పాయింట్లు.

అయినా 68 మంది, నాలుగు వారాలు చిన్న అంకెలే. గుండెపోటు, పక్షవాతం తగ్గుతాయని ఈ పరీక్ష చెప్పలేదు, చెప్పినట్టు నటించనూ లేదు. కాబట్టి రోజూ వేసుకునే మాత్ర మానేసి బీట్‌రూట్‌ను నమ్ముకోవడం ప్రమాదం. కిడ్నీలో రాళ్ళు వచ్చినవాళ్ళు అందులోని ఆక్సలేట్ గురించి, కిడ్నీ జబ్బున్నవాళ్ళు పొటాషియం గురించి డాక్టరును ముందుగా అడగాలి.

మన వంటింట్లో తోటకూర, పాలకూరల్లోనూ నైట్రేట్ బాగానే ఉంటుంది. నీళ్ళలో కరిగేది కనుక ఉడికించి వార్చేస్తే చాలావరకు ఆ నీళ్ళతోనే పోతుంది. పప్పులో వేసి వండితే మాత్రం గిన్నెలోనే ఉంటుంది. సీసాలో కొనేవాళ్ళు చూడాల్సింది నైట్రేట్ ఎంతుందన్నది. ఆ 68 మందిలో అసలు రసం తాగినవాళ్ళకు రోజూ అందింది సుమారు 400 మిల్లీగ్రాములు. దుకాణంలో దొరికే బీట్‌రూట్ పొడులు, రసాల్లో ఆ మోతాదు ఒకదానికొకటి పొంతన లేకుండా ఉంటుంది. సీసా మీద ఆ అంకె ముద్రించకపోతే, బొమ్మ ఎంత ఎర్రగా ఉన్నా ఆ పరీక్ష ఫలితాన్ని దానికి అంటగట్టలేం.