గరుకుదనం పోగొట్టకుండా

1967 నవంబర్ 9న న్యూయార్క్ ఫిల్హార్మోనిక్ తన 125వ వార్షికోత్సవం కోసం ప్రత్యేకంగా రాయించుకున్న ‘నవంబర్ స్టెప్స్’ తొలిసారి మోగింది. స్వరకర్త టోరు టకెమిత్సు, నిర్వహణ సెయిజి ఒజావా. ఆర్కెస్ట్రా ముందు ఇద్దరే జపాన్ వాద్యకారులు. తీగవాద్యం బివాతో కిన్షి త్సురుత, వెదురు పిల్లనగ్రోవి షాకుహాచితో కత్సుయా యొకొయామా.

ఆ కృతిలో ఒకచోట ఆర్కెస్ట్రా పూర్తిగా ఆగిపోతుంది. చాలాసేపు ఆ రెండు వాద్యాలే మాట్లాడుకుంటాయి. రికార్డింగ్ విన్న ప్రతిసారీ నేను అక్కడే కట్టుపడిపోతాను. విసనకర్ర ఆకారంలో ఉన్న చెక్కతో త్సురుత తీగను మీటితే, ఆ దెబ్బ వాద్యం ఒంటి మీదా పడి టక్కుమంటుంది. తీగ నాదంలో జుమ్మనే మోత ఉంటుంది. మన తంబురా తీగల కింద దారప్పోగు సర్ది పలికించే మోతకు అది చుట్టమే. యొకొయామా ఊదితే స్వరంతోపాటు ఊపిరి రాపిడీ వినిపిస్తుంది. గడ్డం కాస్త కిందికి వంచితే చాలు, స్వరం జారుతుంది. మన వేణువులో దోషమనిపించే ఆ ఊపిరి చప్పుడే అక్కడ అందం.

టకెమిత్సు మొదట ఈ రెండు వాద్యాలను ఆర్కెస్ట్రాలో కలిపేయాలనే చూశాడు. తర్వాత ఆ ఆలోచన మానుకుని, తేడాను తేడాగానే నిలబెట్టాడు.

పరాయి శ్రోతను చేరడానికి అంతకుముందే మరో దారి ఉంది. జపాన్ స్వరకర్త మిచియో మియాగి 1929లో తీగవాద్యం కోటో, షాకుహాచిల కోసం ‘హరు నో ఉమి’ కూర్చాడు. 1932లో ఫ్రెంచ్ విద్వాంసురాలు రెనే షెమే షాకుహాచి భాగాన్ని వయొలిన్ మీద వాయించి, ఆయనతో కలిసి రికార్డు ఇచ్చింది. అలా ఆ కృతి విదేశాల్లో పేరు తెచ్చుకుంది. ఆ మేలును కాదనలేం. అయితే వయొలిన్‌లోకి వచ్చేసరికి ఊపిరి రాపిడి పోయింది.

పరాయి శ్రోతకు ఎక్కదేమోనన్న భయంతో కళాకారులు ముందుగా వదులుకునేది ఈ గరుకునూ, మధ్యలోని నిశ్శబ్దాన్నీ. వాద్యం విషయంలో మాత్రం ఎంతో జాగ్రత్త పడతారు. హీటర్లు వేసిన హాళ్ల పొడిగాలికి షాకుహాచి వెదురు పగలొచ్చు. అందుకే వాద్యకారులు దాన్ని తేమ ఆరకుండా చుట్టి కాపాడుకుంటారు. వెదురు మీద ఉన్న ఆ శ్రద్ధ నాదం మీదా ఉండాలి. శ్రోతను తక్కువ అంచనా వేయకూడదని ‘నవంబర్ స్టెప్స్’ రుజువు చేసింది.

అదే ఇద్దరు కళాకారులతో ఒజావా టొరంటో సింఫనీతో చేసిన రికార్డింగ్ ఉంది. నిడివి సుమారు 20 నిమిషాలు. వేరే పని పెట్టుకోకుండా ఒక్కసారి వినండి. మొదట్లో కొత్తగా తోచినా మధ్యలో లేవకండి.