పోల్కాను బతికించడమంటే ఏమిటి?

ప్రస్తావన

ఒక పాత సంగీతరూపాన్ని నేటి శ్రోతల దగ్గరికి చేర్చాలంటే దాన్ని మార్చాలా, మార్చకుండా కాపాడాలా? ఈ ప్రశ్నను జర్మన్ పోల్కా ఆధారంగా పరిశీలిద్దాం.

పోల్కా ముందుగా నాట్యం. జంటలు జంటలుగా ఆడే ఈ నాట్యం 1830లలో బొహీమియాలో, అంటే నేటి చెక్ దేశంలో ప్రచారంలోకి వచ్చింది. 1840లలో పారిస్ నాట్యశాలలకు చేరింది. దీని తాళం 2/4. ట్యూబా దెబ్బ మీద మోగుతుంది; దెబ్బకూ దెబ్బకూ నడుమ మిగతా వాయిద్యాలు జవాబిస్తాయి. ఆ ఊపుకు వినేవారి కాలు దానంతట అదే కదులుతుంది. ఈ లక్షణాన్ని గుర్తుంచుకోండి. మన విమర్శకు ఇదే గీటురాయి.

సంప్రదాయం ఎప్పటిది?

జర్మనీలో ఈ సంగీతం ప్రస్తావన రాగానే వినిపించే పేరు ఎర్న్‌స్ట్ మోష్ (1925–1999). ఆయన బొహీమియా పడమటి ప్రాంతమైన ఎగర్‌లాండ్‌లో పుట్టారు. రెండో ప్రపంచ యుద్ధం తరువాత చెకోస్లోవేకియా అక్కడి జర్మన్ భాషీయులను వెళ్లగొట్టింది. 1956లో తాను స్థాపించిన వాద్యబృందానికి మోష్ ఆ ప్రాంతం పేరే పెట్టారు. ఊరు పోగొట్టుకున్నవారికి ఆ పాటల్లో తమ ఊరు వినిపించింది. ఆ బృందానికి వచ్చిన ఆదరణలో ఈ బాధకూ వాటా ఉంది.

అయితే మోష్ స్టట్‌గార్ట్ రేడియో నాట్య వాద్యబృందంలో జాజ్ ట్రాంబోన్ కళాకారుడు కూడా. ఫ్లూగెల్‌హార్న్‌ల మెత్తని నాదం, తూచినట్టుండే లయ, వాయిద్యాల మధ్య పొందిక - ఇవి స్టూడియో క్రమశిక్షణ ఎరిగిన చేతుల్లో రూపుదిద్దుకున్నాయి. అనాదిగా వస్తున్నదని శ్రోతలు నమ్మే ఆ ధ్వని నిజానికి 1950లనాటి నవీకరణ. కాబట్టి ‘మార్చితే సంప్రదాయం చెడుతుంది’ అనే వాదాన్ని యథాతథంగా అంగీకరించలేం.

రెండు మార్గాలు, రెండు లోపాలు

మొదటి మార్గం ధ్వనిని ఉన్నదున్నట్టు నిలపడం. 1981 నుంచి 2015 వరకు సాగిన ‘ముజికాంటెన్‌ష్టాడల్’ వంటి టెలివిజన్ కార్యక్రమాలు ఈ తరహా సంగీతాన్ని ఇంటింటికీ చేర్చాయి. కానీ అక్కడి ప్రేక్షకులు బల్లల దగ్గర కూర్చుని చప్పట్లు కొట్టారు. పాట మిగిలింది, ఆట తగ్గింది.

రెండో మార్గం కలపడం. బవేరియాకు చెందిన ‘లాబ్రాస్‌బాండా’ బృందం 2007లో మొదలైంది. ట్రంపెట్, ట్రాంబోన్, ట్యూబాలతో టెక్నో, రెగే లయలను వాయిస్తూ బవేరియన్ మాండలికంలో పాడుతుంది. 2013 యూరోవిజన్ పోటీకి జర్మనీ జరిపిన ఎంపికలో రెండో స్థానం పొందింది. వీరి కచేరీలో యువత కూర్చోదు, గెంతుతుంది. కదలిక తిరిగి వచ్చింది. కానీ జంట నాట్యం పోయింది. వీరి పాటల్లో చాలావాటిని శాస్త్రప్రకారం పోల్కా అనలేం. ఈ లోపాన్ని దాచి మెచ్చుకోవడం విమర్శ అనిపించుకోదు.

గుర్తింపు చాలదు

గౌరవాలు దక్కితే కళ నిలుస్తుందనుకోవడం కూడా పొరపాటే. అమెరికాలో గ్రామీ పురస్కారాల్లో పోల్కాకు 1986లో ప్రత్యేక విభాగం దక్కింది. 2009లో దాన్ని తీసేశారు. పురస్కారం ఇచ్చినవారే దాన్ని వెనక్కి తీసుకోగలరు. ఊళ్లో నేర్చుకున్న పాటను అలా ఎవరూ తీసుకోలేరు.

నా అంచనాలో ఈ సంగీతానికి అసలు ఊపిరి జర్మనీ, ఆస్ట్రియా గ్రామాల ఔత్సాహిక వాద్య సంఘాలు. అక్కడ పిల్లలు పెద్దల పక్కన కూర్చుని వాయించడం నేర్చుకుంటారు. ఊరి పండుగల్లో వాయిస్తారు. ఎగువ ఆస్ట్రియాలో 2011లో మొదలైన ‘వుడ్‌స్టాక్ డెర్ బ్లాస్‌మ్యూజిక్’ ఉత్సవానికి చాలామంది తమ వాయిద్యాలు వెంట తెచ్చుకుంటారు. వేలమంది ఒక్కసారిగా కలిసి వాయిస్తారు. అక్కడ శ్రోతకూ కళాకారుడికీ మధ్య గోడ లేదు.

ముగింపు

పోల్కా బతికి ఉందా అని తేల్చడానికి అది ఎంత పాతగా వినిపిస్తోందో చూడకండి, ఎంత కొత్తగా వినిపిస్తోందో కూడా చూడకండి. వినేవారు అందులో పాలుపంచుకుంటున్నారా అని చూడండి. ఆడేవారూ వాయించేవారూ ఉన్నంతకాలం మార్పు దానికి హాని చేయదు. వారు లేనప్పుడు ఎంత శుద్ధమైన రికార్డింగైనా జ్ఞాపకచిహ్నంగానే మిగులుతుంది.

అభ్యాసం: చెక్ స్వరకర్త యారొమీర్ వేవోదా 1927లో కూర్చిన పోల్కా జర్మన్‌లో ‘రోజాముండె’గా, ఇంగ్లీషులో ‘బీర్ బ్యారెల్ పోల్కా’గా ప్రసిద్ధమైంది. ఈ రెండు రూపాలనూ వినండి. ఏది మారింది, ఏది నిలిచింది? పై గీటురాయితో పరీక్షించి పది వాక్యాల్లో రాయండి. నా తీర్పుతో మీరు ఏకీభవించకపోతే కారణాలు చూపండి.