నీళ్లకు దారి వేసే నేర్పు

మంచిర్యాల జిల్లా నస్పూర్‌లో ఎండాకాలం 45 డిగ్రీలు తాకడం కొత్త కాదు; బొగ్గు దుమ్ము సరేసరి. ఇలాంటి చోట ఇంటి కంప్యూటర్‌కు వాటర్ కూలింగ్ కుదిర్చే మెకానిక్ పనితనం నిజంగా మెచ్చుకోదగ్గది.

మంచి పనివాడు రంగు లైట్లకు లొంగడు. ప్రాసెసర్, గ్రాఫిక్స్ కార్డు ఎన్ని వాట్ల వేడి పుట్టిస్తాయో ముందు లెక్కేస్తాడు. గొట్టాల్లో తిరిగే నీళ్లు వేడిని మోస్తాయే గానీ మాయం చేయవు. గది గాలి కంటే చల్లబడవు. అందుకే మన ఎండలకు, నీళ్ల వేడిని గాలికి వదిలే రేడియేటర్‌ను పెద్దదే ఎంచుతాడు. ప్రాసెసర్ మీద కూర్చునే రాగి బ్లాకుకు అల్యూమినియం రేడియేటర్ జత చేయనివ్వడు. రెండూ ఒకే నీళ్లలో ఉంటే అల్యూమినియాన్ని తుప్పు తినేస్తుంది. బోరు నీళ్లు అసలే పోయనివ్వడు. పంపు పొడిగా తిరగకుండా నీళ్ల ట్యాంకుకు దిగువన బిగిస్తాడు. చివరగా మిగతా వాటికి కరెంటు ఇవ్వకుండా పంపు ఒక్కటే నడిపి, ప్రతి జాయింటు కింద టిష్యూ కాగితం పరిచి చెమ్మ చూస్తాడు. ఆ ఓపికే అసలు పనితనం.

ఈ సూత్రం కంప్యూటర్‌కే పరిమితం కాదు. ఇదే జిల్లా జైపూర్‌లో సింగరేణి బొగ్గు సంస్థకు చెందిన 1200 మెగావాట్ల విద్యుత్ కేంద్రంలోనూ వేడిని మోసుకెళ్లేది నీళ్లే.

మీరూ కొనేటప్పుడు ముందు రేడియేటర్‌కు, పంపుకు డబ్బు పెట్టండి. లైట్ల సంగతి తర్వాత చూసుకోవచ్చు.