పేరులో మిగిలిన చెట్లు

ఐర్లండ్ పడమటి తీరంలో మేయో అనే కౌంటీ ఉంది. ఇంగ్లిషు స్పెల్లింగులో చూస్తే ఆ పేరుకు అర్థం లేదు. ఐరిష్‌లో దాన్ని ఇంచుమించు 'మై ఓ' అని పలుకుతారు: 'మై' అంటే మైదానం, 'ఓ' అంటే యూ అనే చెట్టు. చింతపల్లి అనగానే మనకు చింతచెట్టు తట్టినట్టు, ఐరిష్ తెలిసినవాళ్లకు ఆ పేరులో చెట్లు కనిపిస్తాయి. 1830లు, 1840లలో ప్రభుత్వ మ్యాపుల సంస్థ ఆర్డ్‌నెన్స్ సర్వే మైలుకు ఆరంగుళాల లెక్కన దేశమంతటికీ మ్యాపులు గీసినప్పుడు వేల ఊళ్ల పేర్లు ఇంగ్లిషు అక్షరాల్లో ఖాయమైపోయాయి, అర్థాలు మరుగున పడ్డాయి. ఆ సర్వే కోసమే 1838లో మేయోలో తిరిగిన పండితుడు జాన్ ఓడొనొవన్ ఐరిష్ రూపాలను విచారించి రాసిపెట్టాడు కాబట్టి వాటిలో చాలావాటి ఆచూకీ ఇప్పటికీ దొరుకుతోంది. ఈనాటి ఐరిష్ చిత్రకారులు ఒక్కో కౌంటీ పేరుతో వేసే ఆర్ట్ ప్రింట్లను ఈ నేపథ్యంలోనే చూడాలి. వాటి అసలు విలువ కొండల అందంలో లేదు, విడిపోయిన పేరునూ నేలనూ ఒకే కాగితం మీద మళ్లీ కలపడంలో ఉంది. ఆ దేశానికి ఇది కొత్త పనేమీ కాదు. ప్రతి కొండకూ వాగుకూ ఆ పేరెలా వచ్చిందో చెప్పే స్థలపురాణాలు 12వ శతాబ్దపు లెన్‌స్టర్ గ్రంథంలోనే ఉన్నాయి.

ఇలాంటి ప్రింటుకు లినోకట్ పద్ధతి చక్కగా అమరుతుంది. లినోలియం పలకను ఉలితో చెక్కి, మిగిలిన ఎత్తు భాగానికి రోలరుతో ఇంకు పూసి, కాగితం పరిచి ఒత్తుతారు. ఒకే పలకతో అనేక రంగులు వేయాలంటే లేత రంగుతో మొదలుపెట్టాలి. మేయో తీరంలోని క్లూ అఖాతాన్నే తీసుకోండి. మంచుయుగం వదిలివెళ్లిన మట్టిదిబ్బలు అక్కడ సగం మునిగి దీవులయ్యాయి. పడమటి వైపు అలలు కోసేయడంతో చాలా దిబ్బలకు అటువైపు నిట్టనిలువు గట్లు ఏర్పడ్డాయి. తెల్లగా మెరవాల్సిన నీటిని ముందే చెక్కి తీసేస్తే అక్కడ కాగితమే నీరవుతుంది. తర్వాత లేత బూడిద రంగు ఆకాశం, ఆపైన దిబ్బల పచ్చదనం, ఆ వెనుక 764 మీటర్ల క్రో పాట్రిక్ కొండ నీడ. రంగు రంగుకీ పలక తరిగిపోతుంది. ప్రతిసారీ కాగితం వెంట్రుకవాసి తేడా లేకుండా అదే చోట కూర్చోవాలి, లేకపోతే దీవి తన గట్టును వదిలి పక్కకు జరుగుతుంది. మొదటి రంగు ముప్ఫై కాగితాలకు వేస్తే ముప్ఫై ఒకటోది ఇక ఎప్పటికీ రాదు. పేరు కూడా పలక మీదే చెక్కాలి, అదీ అద్దంలో కనిపించినట్టు తిరగేసి. పాత ఐరిష్ లిపిలో అయితే 'గ' అక్షరం నెత్తిన ఒక చుక్క ఉంటుంది. ఆ చుక్కంత లినోలియాన్ని నిలబెట్టి చుట్టూ చెక్కడానికి కొండను చెక్కడం కంటే ఎక్కువ ఓపిక కావాలి.

ఇది టూరిస్టులు కొనుక్కెళ్లే సరుకే కదా అనేవాళ్లున్నారు. ఎక్కువ ప్రతులున్నంత మాత్రాన కళ పలచబడదు. ఎలిజబెత్ యేట్స్ నడిపిన క్వాలా ప్రెస్ 1908 నుంచి 1915 దాకా నెలనెలా 300 ప్రతుల్లో వేసిన బ్రాడ్‌సైడ్ అనే పాటల, బొమ్మల పత్రాల్లో ఆమె తమ్ముడు జాక్ యేట్స్ బొమ్మలున్నాయి. ఆ బొమ్మల్లో చాలావాటికి చేత్తో రంగులద్దారు. దీనికన్నా గట్టి అభ్యంతరం ఇంకొకటుంది: ఈ బొమ్మలు కష్టాన్ని దాచేస్తాయని. 1910లో మేయోలోని ఆకిల్ దీవికి చేరిన చిత్రకారుడు పాల్ హెన్రీ గడ్డి ఇళ్లనూ మబ్బులనూ అద్భుతంగా చిత్రించాడు. 1920లలో రైల్వే పోస్టర్ల మీదికెక్కాక ఆ దృశ్యమే ఐర్లండ్ అని లోకం నమ్మింది. ఈ అభ్యంతరంలో నిజముంది. 1841లో సుమారు 3,89,000 ఉన్న మేయో జనాభా, బంగాళాదుంప పంట పోయి వచ్చిన మహాక్షామం తర్వాత 1851కి 2,74,000కి పడిపోయింది. అయితే ఆ చరిత్ర నేల మీదే కనిపిస్తోంది: వదిలేసిన బంగాళాదుంప మళ్ల గట్లు ఆ కౌంటీ కొండవాలుల్లో ఇప్పటికీ చారలు చారలుగా ఉన్నాయి. ఉలి పక్కపక్కనే సాగితే పలక మీద పడేవీ అలాంటి చారలే. వాటిని పచ్చరంగుతో కప్పేయకుండా ఉండనిచ్చే చిత్రకారుడు అందమైన అబద్ధం చెప్పడు.

చివరి అభ్యంతరం పేరు గురించి. 'మై ఓ' మొదట ఒక చిన్న ఊరి పేరు. ఇంగ్లండులో 664లో జరిగిన విట్‌బీ చర్చి సభ తర్వాత అక్కడి లిండిస్‌ఫార్న్ మఠం వదిలి వచ్చిన కోల్మన్ అనే సన్యాసి ఇంగ్లిషు సన్యాసుల కోసం అక్కడ మఠం కట్టాడు. కౌంటీ మొత్తానికీ ఆ పేరు పాకింది చాలా తర్వాత. కాబట్టి సముద్రం పక్కన యూ చెట్లు గీస్తే అది తప్పే, ఒప్పుకోవాలి. నిజాయితీ గల ప్రింటు వాటిని క్రో పాట్రిక్ మీద నాటదు. తీరానికి దూరంగా, లోపలి మైదానం వైపు అంచున ఉంచుతుంది. యూ ఆకు దాదాపు నల్లగా కనిపించే పచ్చ, కనుక ఆ చెట్టు అన్నిటికన్నా చివర అచ్చయ్యే ముదురు రంగులో వస్తుంది. అప్పటికి పలక మీద కొండా నీరూ ఆకాశమూ చెక్కేసి ఉంటాయి. మిగిలేవి రెండే: ఒక మూల చెట్టు, కింద దాని పేరు.