కావడికి అడ్డొచ్చిన వెదురు పొద

కొలరాడోలో ఉంటున్న మా మేనల్లుడు ఈ వారం ఫోన్ చేశాడు. "మామా, వేటకెళ్తున్నా. మాంసం మోసుకురావడానికి ఏ బ్యాగు కొనమంటావు?"

ఛత్తీస్‌గఢ్‌లోని మద్దేడ్‌లో కూర్చున్నవాణ్ణి అడగాల్సిన మాటేనా అది! 1972 వన్యప్రాణి చట్టం కింద ఇక్కడ కుందేలును కొట్టినా కేసే. పక్కనున్న ఇంద్రావతి అడవి 1983 నుంచీ పులులది. వాళ్ల దగ్గర లైసెన్సు తీసుకుని ఎల్క్ అనే పెద్ద జింకను కొట్టొచ్చట. కొట్టి, తినదగ్గ మాంసాన్ని అడవిలో వదిలేసి వస్తేనే నేరం. వెనక తొడ ఒక్కటే పాతిక ముప్పై కిలోలుంటుంది.

"కావడి కట్టుకోరా" అన్నాను. ఈ కాలమ్ చదివేవాళ్లకు నా కావడి పిచ్చి కొత్తేం కాదు.

అంగడి రోజు రోడ్డు పక్కన నిలబడి చూడండి. మా వైపు కావడి మగవాళ్లది, తలమీద మోత ఆడవాళ్లది. ముదురు వెదురును చీల్చి, నడిమి మందంగా ఉంచి, కొసలకు వచ్చేసరికి పలచగా చెక్కుతారు. ఉట్లు జారకుండా కొసల దగ్గర గాట్లు పెడతారు. ఉట్లకు వెనక అడ్డతీగ నార వాడేవాళ్లు, ఇప్పుడు నైలాన్ తాడు. బరువెత్తాక మనిషి మామూలుగా నడవడు, చిన్న చిన్న అంగలతో పరుగులాంటి నడక అందుకుంటాడు. అడుగు బద్ద ఊపుతో కలవాలి. భుజం నొప్పెడితే ఆగడు. తల కాస్త వంచి, మెడ వెనక నుంచి బద్దను రెండో భుజం మీదికి జరుపుతాడు. ఉట్టిలో కోడిపెట్ట కూడా ఉలిక్కిపడదు.

ఇది కళ్లకు కనిపించే గొప్ప. రోడ్జర్ క్రామ్ అనే అమెరికా పరిశోధకుడు 1991లో ఇలాంటి ఊగే కర్రలతో మనుషుల్ని పరిగెత్తించి లెక్క కట్టాడు. భుజానికి తగిలే దెబ్బ తగ్గింది గానీ, వీపున మోసినదానికంటే శ్రమేమీ మిగల్లేదు.

అది చదివి కూడా నేను కావడి పక్షమే. కానీ మేనల్లుడు వెళ్లేది అంగడికి కాదు, దారి లేని అడవికి. కావడి చేతులు చాచుకున్న మనిషంత వెడల్పు. మా అడవిలోనైతే వెదురు పొదల్లో మలుపుమలుపుకూ తట్టుకుంటుంది, ఎత్తెక్కితే ముందు ఉట్టి నేలకు తగులుతుంది. వాగు దాటేటప్పుడు పట్టుకోవడానికి చెయ్యి ఖాళీ ఉండదు. అలాంటి చోట బ్యాగే.

1952లో కాలిఫోర్నియాలో డిక్ కెల్టీ అల్యూమినియం ఫ్రేము బ్యాగులు అమ్మడం మొదలుపెట్టాడు. వాటికి నడుంపట్టీ కలిశాక బరువు భుజాలు దిగి తుంటికి చేరింది. అందుకే జేబులెన్నని చూడొద్దన్నాను. వీపు పొడవుకు ఫ్రేము సరిపోవాలి, పట్టీ తుంటి ఎముకను పట్టుకోవాలి. కొట్లోనే ఇరవై కిలోల బియ్యం వేసి నడిచి చూడాలి. వేట బ్యాగుల్లో ఫ్రేముకూ సంచికీ నడుమ బరువు పెట్టి బిగించే చోటుంటుంది. మాంసం గాలాడే గుడ్డసంచిలో కట్టి అక్కడ పెడితే వీపుకు అంటుకుని ఉంటుంది, వెనక్కి లాగదు, సంచి లోపలి బట్టలకు రక్తం అంటదు.

ఆ చోటు గురించి చెబుతుండగా నాకు మా నర్సమ్మలు గుర్తొచ్చారు. నాలుగు ఐస్‌ప్యాకులున్న టీకాల డబ్బాను ఒంటి భుజానికి తగిలించుకుని వాగులు దాటి ఊళ్లకు నడుస్తారు. డబ్బా తొడకు కొట్టుకుంటూ ఉంటుంది, రెండో చేత్తో దాన్ని పట్టుకుంటూ ఉంటారు. మాంసం పెట్టే చోట ఆ డబ్బా పెట్టి బిగిస్తే రెండు చేతులూ ఖాళీ. కెమెరాలు మోసుకుని తిరిగే అటవీ వాచర్లకూ అంతే.

కావడిని పొగుడుతూ నేను ఇంకా కాలమ్‌లు రాస్తాను, తప్పదు. అయితే వేట లేని ఈ అడవిలో వేటగాడి బ్యాగుకే ఎక్కువ పని ఉంది. ఆరోగ్య శాఖ వచ్చే ఏడు కొనే సామాన్ల జాబితాలో దాన్ని రాసుకోవాలి.