సెకండ్ షో ప్రేక్షకుడు: కల్ట్ చిత్రాల ఆకర్షణ – ఒక పరిశీలన

ఉపోద్ఘాతం:
విడుదలైనప్పుడు ఆదరణ పొందని చిత్రమో, విమర్శకులు చిన్నచూపు చూసిన చిత్రమో కొందరికి మళ్ళీ మళ్ళీ చూడవలసినదిగా మారితే దానిని ‘కల్ట్’ చిత్రం అంటున్నారు. ‘ది రాకీ హారర్ పిక్చర్ షో’ (1975) ఇందుకు ప్రసిద్ధ ఉదాహరణ. మొదట విఫలమైన ఈ చిత్రాన్ని 1976 ఏప్రిల్ నుండి న్యూయార్క్‌లో అర్ధరాత్రి వేళ ప్రదర్శించారు. ప్రేక్షకులు పాత్రల వేషాలతో వచ్చి, తెరమీది మాటలకు బదులు పలికేవారు. తెలుగులో ఇటువంటి ఆకర్షణకు మూలమెక్కడో సంగారెడ్డి–పటాన్‌చెరు ప్రాంతం ఆధారంగా పరిశీలించడం ఈ వ్యాస లక్ష్యం.

షిఫ్టు – సెకండ్ షో:
1960లలో రామచంద్రాపురంలో బి.హెచ్.ఇ.ఎల్. కర్మాగారం, ఆ తరువాతి దశాబ్దాలలో పటాన్‌చెరు పారిశ్రామికవాడ రావడంతో ఇక్కడ ఎందరి జీవితమో షిఫ్టుల లెక్కన సాగింది. రాత్రి తొమ్మిది దాటాక మొదలై అర్ధరాత్రి దాటాక ముగిసే సెకండ్ షో, న్యూయార్క్‌లో వలె కోరి ఎంచుకున్న వేళ కాదు. కార్మికునికి మిగిలిన వేళ. పది గంటలకు షిఫ్టు దిగినవాడు హాలు చేరేసరికి కథ కొంత నడిచిపోతుంది. బి. విఠలాచార్య ‘జగన్మోహిని’ (1978) వంటి చిత్రం అతనికి ఎక్కడినుండి చూసినా అందుతుంది. విఠలాచార్య పేరు చెప్పగానే గుర్తుకొచ్చే, కాళ్ళను పొయ్యిలో కట్టెలుగా పెట్టి వండే దయ్యం ముందు కథతో పనిలేకుండానే భయాన్నీ నవ్వునూ కలిగిస్తుంది. విమర్శ లోపమనదగిన అతుకుల నిర్మాణమే ఈ ప్రేక్షకుని దృష్టిలో గుణం.

తెలిసిన కథ:
ఈ చూపు సినిమాతో పుట్టినది కాదు. రాత్రంతా సాగే చిందు యక్షగానానికి ప్రేక్షకుడు కథ తెలుసుకోవడానికి రాడు. తెలిసిన ఘట్టం ఈసారి ఎలా పండుతుందో చూడడానికి వస్తాడు. మళ్ళీ మళ్ళీ చూడడం, నలుగురితో కలిసి స్పందించడం తెలంగాణ పల్లెకు కల్ట్ అనే మాట కంటే ముందే తెలుసు.

2010లో పరాజయం పొందిన ‘ఆరెంజ్’ 2023లో తిరిగి విడుదలైనప్పుడు యువత హాలులో పాటలు కలిసి పాడింది. అదీ ఈ సంప్రదాయానికి కొనసాగింపే. అయితే నేటి పునర్విడుదలలు తరచుగా కథానాయకుల పుట్టినరోజులను ఆశ్రయిస్తున్నాయి. సెకండ్ షోను నిలబెట్టినది పనివేళ.

ముగింపు:
కల్ట్ లక్షణం చిత్రంలో మాత్రమే లేదు. చూసే వేళలో, తోటివారిలో ఉంది. నేటి యువత సందడి ఫోన్లలో నిలుస్తుంది. షిఫ్టు దిగి సినిమాకు వెళ్ళిన కార్మికుని అనుభవం మాత్రం ప్రధానంగా జ్ఞాపకంలోనే ఉంది. ఆ తరం ఉద్యోగ విరమణ పొంది వృద్ధాప్యంలో ఉంది. వారి మౌఖిక కథనాలను ఇప్పుడే సేకరించకపోతే తెలుగు సినిమా చరిత్రలో చిత్రాల పేర్లు మిగులుతాయి, ప్రేక్షకుడు మిగలడు.